తెల్లవారి చూడాలి

నా భార్య పోయిన నెలలో చనిపోయింది. ఆ రోజు పొద్దున తను లేవలేదు. ఇంకాసేపు పడుకుంటానంది. కాఫీ పెట్టిచ్చి బడికి పోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి ఒళ్లంతా చెమట. నిన్న చేలో ఎండకు వాడిపోయావు, సాయంత్రానికి తేరుకుంటావులే అన్నాను. సరే అంది. పొద్దు వాలాక మాట తడబడింది. ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి జీపు పిలిపించాను. పెనుకొండ ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. పొద్దున్నే తెచ్చి ఉంటే అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు.

మాది సోమందేపల్లె దగ్గర పల్లె. నేను బడిలో సైన్సు చెబుతాను. చేను మాత్రం తనదే. పెళ్లయిన ఏడు విత్తనం వేశాక వాన పత్తా లేకుండా పోయింది. మధ్యాహ్నం ముడుచుకున్న వేరుశనగ ఆకులు చూసి తను గట్టు మీద కూలబడింది. అది చావడం కాదని చెప్పాను. ఒంట్లో నీరు పోకుండా చెట్టు ఆకు ముడుస్తుంది. రాత్రి వేరు మళ్లీ నీరు అందిస్తుంది. తెల్లవారి ఆకు విచ్చుకుంటే బతుకుతుంది, తెల్లవారినా వేలాడుతుంటేనే భయపడాలి అన్నాను. చెప్పి నేను మరిచిపోయాను.

తను మరవలేదు. వాన వెనకబడిన ప్రతి ఏడూ సూర్యుడు రాకముందే చేనికి పోయేది. ఆవునీ, కోళ్లనీ, పక్కింటి పసిబిడ్డనూ అలాగే చూసేది. సాయంత్రం అందరూ వాడిపోయే ఉంటారు, పొద్దున మొగం చూడాల అనేది. చేనుకు గుడ్ మార్నింగ్ చెప్పను పోతాండావా అక్కా అని పక్కింటామె ఎగతాళి చేసేది.

"చెప్తే అదన్నా పలకతాది. మా ఇంటాయన అదీ పలకడు" అనేది తను.

ఒక ఏడు చెట్లు పీకించి పశువులకు వేద్దామన్నాను. తెల్లారి విచ్చుకుంటాండాయి, ఉండనీ అంది. తర్వాత వాన పడింది. చెట్లు కొత్తగా పూత పట్టాయి, కొంత పంట చేతికొచ్చింది. ఆ సంగతి తను మళ్లీ ఎత్తలేదు.

ఆ పొద్దున నేను తన ముఖం చూశాను. వాడిపోయి ఉంది. చూసి కూడా బడికి పోయాను. నేను చెప్పిన మాటతో తను ఇంటిల్లిపాదినీ కనిపెట్టుకుంది. తన దగ్గరికి వచ్చేసరికి ఆ మాట నాకు గుర్తు రాలేదు. మధ్యాహ్నం తను సరే అన్నది కూడా నన్ను నమ్మే.

కర్మలు అయిపోయినా మా అత్త, నా భార్య తల్లి, ఇక్కడే ఉంది. ఈ పొద్దున ఆమె లేవలేదు. వెంటనే సోమందేపల్లెలో డాక్టరుకు చూపించాను. ఇప్పటికి భయం లేదు, గుండె పరీక్ష చేయించాలి, రేపు అనంతపురం పొమ్మన్నాడు. ఇంటికి రాగానే అత్త అడ్డం తిరిగింది.

"ఏడ్చి ఏడ్చి తల తిరగతాండాదప్పా, అంతే. నువ్వు బడికి పో."

ఆ గొంతు నా భార్యదే అనిపించింది. బడికి సెలవు పెట్టాను.

రేపు తెల్లవారి మొదటి బస్సుకు ఆమెను అనంతపురం తీసుకుపోతాను. అల్లుడి ఎదుట ఇంతవరకూ కుర్చీలో కూడా కూర్చోలేదామె. రానంటే ఎత్తుకుని బస్సెక్కిస్తాను.