వేల్స్ దొర చెప్పగా నేను టైపు చేసిన ఉత్తరాలు

శుక్రవారం సెలవు కనక గురువారం మా ఆఫీసు ఒంటిగంటకే మూసేసేవారు. అందరూ వెళ్లిపోయాక మా దొర తన గది గుమ్మంలోకి వచ్చి వేలు మడిచి నన్ను పిలిచేవాడు. నేను షార్ట్‌హ్యాండ్ పుస్తకం, చెక్కిన పెన్సిళ్లు రెండు తీసుకుని వెళ్లి ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, తన దేశాన్ని ఎవరెవరు ఎలా దోచుకుంటున్నారో చెప్పడం మొదలుపెట్టేవాడు. అది వాళ్ల ఊరి వారపత్రికకు వెళ్లే ఉత్తరం. నేను రాసుకుని, టైపు చేసి, ఒక కార్బన్ కాపీ ఫైల్లో పెట్టాలి. దీనికి జీతం లేదు. ఉన్నా తీసుకునేవాణ్ణి కాదు, అంత ఇష్టంగా వెళ్లేవాణ్ణి.

ఆయన దేశం వేల్స్. డెబ్బై ఏడులో షార్జా వచ్చేదాకా నేను ఆ పేరే వినలేదు. తెల్లవాళ్లంతా ఇంగ్లీషువాళ్లే అనుకునే రకం నేను. చేరిన మొదటి వారంలో మాటల మధ్య "మీ ఇంగ్లీషువాళ్లు" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"నేను ఇంగ్లీషువాణ్ణి కాను. ఇంకోసారి ఆ మాట అంటే నిన్ను మద్రాసీ అని పిలుస్తాను" అన్నాడు.

అప్పటికి నన్ను ఆఫీసంతా మద్రాసీ అనే పిలుస్తోంది. కాదని తెలిసిన తెల్లవాడు ఒకడు దొరికాడని పొంగిపోయాను. రోడ్లు, మురుగు కాలువలు డిజైన్ చేసే కంపెనీ మాది. ఆయన మా విభాగానికి ముదీర్, అంటే మేనేజరు. సెలవు కావాలన్నా, ఇనప బీరువాలో ఉన్న మన పాస్‌పోర్టు మన చేతికి రావాలన్నా ఆయన సంతకం పడాలి.

ఆయన అభిప్రాయాలకు కొదవ లేదు. బొగ్గు మాది, ఉక్కు మాది, పద్దు రాసేది మాత్రం లండన్‌లో అనేవాడు. తీరంలో ఇళ్లన్నీ ఇంగ్లీషువాళ్లు సెలవుల కోసం కొనుక్కుని చలికాలమంతా తాళాలేసి పోతున్నారనీ, మా పిల్లలకు తలదాచుకోను గది దొరకడం లేదనీ ఒక గురువారం. మా భాషలో టీవీ చానెల్ పెడతామని మాటిచ్చి తప్పారని ఇంకో గురువారం. వడ్డీ పెరిగితే లండన్, పౌను పడిపోతే లండన్, వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులొచ్చినా లండనే కారణమనేటట్టుండేవాడు. నవ్వొచ్చేది. కానీ ఆ కోపం నాకు తెలిసిన కోపమే.

అరవై తొమ్మిదిలో నేను మహబూబ్‌నగర్‌లో కాలేజీ కుర్రవాణ్ణి. ప్రత్యేక తెలంగాణ కావాలని రోడ్డెక్కి, వీపు మీద లాఠీ దెబ్బ తిన్నాను. రెండేళ్లు తిరక్కుండానే మా నాయకులు పోయి, ఎవరిని తిట్టారో వాళ్ల పక్కనే కుర్చీలు వేసుకు కూర్చున్నారు. అప్పటినుంచి రాజకీయం మాటెత్తితే నాకు ఒళ్లు మండేది. అలాంటి నాకు, ఏళ్ల తర్వాత, ఎడారిలో ఏసీ గదిలో, ఒక మనిషి కళ్లు మూసుకుని నా మాటలే చెబుతున్నట్టుండేది.

షార్జాలో రోలా అనే పేటలో మా గది, అందులో ఆరుగురం. నా పక్క మంచం గోదావరి జిల్లా దర్జీది. అరవై తొమ్మిదిలో ఎదురుపడితే అతన్నీ నేను తిట్టే ఉండేవాణ్ణి. గురువారం సాయంత్రం నేను గదికి రాగానే అతను కుట్టుమిషన్ ఆపేవాడు.

"ఏవండీ గురువుగారూ, మీ దొరగారు ఇవాళ ఎవర్ని తిట్టేరేంటి?"

నేను ఆవేశంగా అంతా చెప్పేవాణ్ణి. అతను దారం పళ్లతో కొరికి, "మాటలకేవుందండీ, బోల్డు సెప్తారు. ఏదైనా కాయితం మీద సంతకం ఎట్టమనండి, అప్పుడు తెలుస్తాది ఆయనేంటో" అనేవాడు. నాకు కోపం వచ్చేది. చదువులేనివాడికి ఇవేం తెలుస్తాయిలే అనుకునేవాణ్ణి.

ఆయన మళ్లీ మళ్లీ తిరిగొచ్చే సంగతి ఒకటుండేది. వాళ్ల దేశంలో ఒక లోయ. ఒక ఇంగ్లీషు నగరానికి నీళ్ల కోసం ఆ లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టి, ఒక ఊరిని ముంచేశారు. బడి, చర్చి, శ్మశానం అన్నీ నీళ్ల కిందికి పోయాయి. వాళ్ల అమ్మమ్మ తరఫువాళ్లది ఆ ఊరే. కొందరు తమవాళ్ల ఎముకలు తవ్వి వేరేచోట పెట్టుకున్నారు. మిగిలిన సమాధుల మీద కాంక్రీటు పోశారు. "మమ్మల్ని ఎవరూ అడగలేదు" అనేవాడు. ఆయన ఆ ఉత్తరం చెప్పేటప్పుడు నాకు కళ్లు చెమర్చేవి.

డెబ్బై తొమ్మిది మార్చిలో వాళ్ల దేశానికి సొంత శాసనసభ కావాలా వద్దా అని ఓట్లు పెట్టారు. నలుగురు వద్దంటే ఒకడు కావాలన్నాడు. ఆ వార్త వచ్చిన రోజు ఆయన భోజనానికి వెళ్లలేదు. నేను పాలు లేని సులేమానీ టీ పట్టుకెళ్లి ఇచ్చాను.

"నావాళ్లే నన్ను మోసం చేశారు" అన్నాడు.

"మావాళ్లూ అంతే సర్" అని నా సంగతి చెప్పాను. ఆయన మొదటిసారి నా వైపు తిరిగి పూర్తిగా విన్నాడు. లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ ఊరికోసం, నీవాళ్లకోసం ఎప్పుడు ఏది కావాలన్నా నన్నడుగు. చిన్న జాతివాడు చిన్న జాతివాడికి ఇస్తున్న మాట ఇది."

ఆ మాట నేను ప్రాణంగా దాచుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

ఎనభై ఒకటి ఏప్రిల్లో మా పక్కూరి తాపీమేస్త్రీ సెలవునుంచి తిరిగొస్తూ తమ్ముడు పంపిన క్యాసెట్ తెచ్చాడు. అప్పట్లో మాకు ఉత్తరాలకంటే క్యాసెట్లే ఎక్కువ. శుక్రవారం భోజనాలయ్యాక దర్జీ టేప్‌రికార్డర్లో పెట్టి విన్నాను. తమ్ముడు ముందు మేకల సంగతి, పిల్లల సంగతి చెప్పి, తర్వాత దగ్గి, అసలు విషయానికి వచ్చాడు.

"అన్నా, శ్రీశైలం డ్యాం నీల్లు ఈ వానకాలం మనూర్లకు వస్తయంట. సర్కారోల్లు వచ్చి చెప్పిపోయిండ్రు. మే నెల ఆఖరుకు ఇండ్లు ఖాళీ చెయ్యాలె. ఇల్లు పోతె పోనీ, యాడన్న గుడిసె ఏస్కుంటం. నాయిన సంగతే ఏం తోస్తలేదు. పక్కూరోల్లు గోరీలు తవ్వి బొక్కలు దీసుకోని కొత్త జాగకు వోతుండ్రు. నువ్వు పెద్దోనివి. నీ చెయ్యి వడకుంట నేను నాయిన మీద గడ్డపార ఎట్ల ఎయ్యాలె?"

మా ఇళ్లల్లో కాల్చరు, పూడ్చిపెడతారు. నాన్న సమాధి కృష్ణ ఒడ్డున మా చేలోనే ఉంది. ఆయన పోయినప్పుడు తలవైపు బండను నేనే ఎత్తి పెట్టాను. నేను వెళ్లి నాలుగు ఎముకలు ఏరి, కొత్త ఊళ్లో ఇంత మట్టి కప్పితే చాలు. పదిహేను రోజుల పని. ఇంతకంటే నాకేమీ అక్కర్లేదు.

నాకు భయం కలగలేదు. లోకంలో ఈ సంగతి ఎవరికైనా చెప్పనక్కర్లేకుండా అర్థమవుతుందంటే అది మా ముదీర్‌కే కదా అనుకున్నాను. ఇంకా అడగనైనా లేదు. ఆ మర్నాడే కర్నూలు వెళ్తున్న ఒకాయన చేతికి నా క్యాసెట్ ఇచ్చాను. "నేనొస్తున్న తమ్మీ. మే నెల నడుమల్ల ఆడుంట. నేనొచ్చేదాంక నాయినను ఎవ్వరు ముట్టొద్దు" అని అందులో చెప్పాను. దర్జీ వింటూనే ఉన్నాడు.

"సెలవు సేతికొచ్చేక పంపితే బాగుండేదేవోనండీ" అన్నాడు.

"మా దొర సంగతి నీకు తెల్వదు" అన్నాను.

ఆదివారం ఉదయం సెలవు కాగితం పట్టుకుని వెళ్లాను. ఆయన కూర్చోమన్నాడు. అంతా విన్నాడు. విన్నాక ప్రశ్నలు వేశాడు. సమాధి మీద ఏ రాయి? పేరు చెక్కి ఉందా? అక్కడికి ఎవరెవరు వస్తారు, ఏం పెడతారు? నేను చెబుతుంటే ఆయన కళ్లు తడిశాయి. ఇంకేముంది, సంతకం పడినట్టే అనుకున్నాను.

"నీ బాధ నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కానీ మే నెలలో నిన్ను వదల్లేను. టెండరు కాగితాలు ఎవరు టైపు చేస్తారు? జూన్ దాటాక వెళ్లు" అన్నాడు.

"అప్పటికి ఊరు ఉండదు సర్."

"ఊరు ఎలాగూ ఉండదు కదా" అన్నాడు. దురుసుగా కాదు, నెమ్మదిగానే, లెక్క సరిచేస్తున్నట్టు.

సెలవు కాగితాన్ని ఆయన ముందుకు జరిపి, "మీ లోయలాంటిదే సర్ ఇది" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కాదు. మీది వేరు. మమ్మల్ని ముంచింది పరాయివాళ్లు. మిమ్మల్ని ముంచుతోంది మీ సొంత ప్రభుత్వం. మీకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ కరెంటు మీ ప్రజలకే వస్తుంది. పేద దేశాలకు అలాంటి త్యాగాలు తప్పవు."

"మా ఊరికి కరెంటు రాదు సర్. వచ్చేసరికి ఊరే ఉండదు."

ఈ మాటకు ఆయన చటుక్కున తలెత్తి పెన్సిల్ అందుకున్నాడు. ఏదో రాసుకున్నాడు. మనసు మారి సెలవు కాగితం మీదే రాస్తున్నాడనుకున్నాను. కాదు, పక్కనున్న కాగితం మీద. నా సెలవు కాగితాన్ని అలాగే మడిచి నా చేతికిచ్చాడు.

రోజూ వెళ్లి అడిగాను. టెండరు పని రెండింతలు చేసి ముందే ఇచ్చేస్తానన్నాను. వేరే టైపిస్టును వెతికి తెచ్చి చూపించాను. ఆయనకు విసుగొచ్చింది. ఆ వారమే నేనూ దర్జీ తంతి ఆఫీసుకు పోయి, నేను రావడం లేదు, నాన్నను మీరే తీయండి అని తమ్ముడికి తంతి ఇచ్చాం. దర్జీ ఆ రోజు కొట్టు మానుకుని నాతో వచ్చాడు. నేనే చెప్పానుగా అని ఒక్క మాటైనా అనలేదు. మా ఊరివాళ్లు అప్పటికే చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు, పోస్టాఫీసు ఎత్తేశారు. తంతి ఎవరికీ అందలేదని తర్వాత తెలిసింది.

మే మొదటి గురువారం ఆయన మామూలుగానే వేలు మడిచి పిలిచాడు. వెళ్లాను. వెళ్లకపోతే వీసా గతేమిటి? ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. "మునిగిన లోయను మరిచిపోయిన నా దేశస్థులారా, నా ఆఫీసులో ఒక భారతీయ గుమాస్తా ఉన్నాడు. అతని తండ్రి సమాధి..." నా పెన్సిల్ ఆగింది. ఆయన ఆగలేదు. ఒడ్డున చేను, తలవైపు బండ, నేను చెప్పిన ప్రతి వివరం వచ్చింది. కరెంటు వచ్చేసరికి ఊరే ఉండదన్న నా మాట కూడా వచ్చింది. అది ఎంత బాగా వచ్చిందో చూశావా అన్నట్టు కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"మీ నది స్పెల్లింగు చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఒక్కో అక్షరం పలికి చెప్పాను. ఆ తర్వాత కూర్చుని నా వేళ్లతోనే మా నాన్న సమాధిని టైపు చేశాను. తప్పులు లేవు. గుమాస్తాకు సెలవు ఇవ్వలేదన్న సంగతి మాత్రం ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇప్పటికీ ఆయనను "వాడు" అనడానికి నోరు రాదు నాకు. అంతగా నమ్మాను.

జూన్ చివర్లో ఆ పత్రిక వచ్చింది. చింపిన ముక్క నాకు చూపించి, "మీ నాన్నగారి గురించి ఇప్పుడు మా లోయలో అందరూ మాట్లాడుకుంటున్నారు" అన్నాడు. నేను థాంక్యూ సర్ అన్నాను. అన్నందుకు బస్సులో దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.

జూలైలో తమ్ముడి క్యాసెట్ వచ్చింది. ఈసారి మేకల సంగతి లేదు.

"అన్నా, నువ్వొస్తవని శానా దినాలు చూసినం. బుల్డోజరు వచ్చినంక ఊరిడిసి చేన్ల గుడిసె ఏస్కోని ఉన్న. పక్కూరోల్లు వచ్చి, మేం తీసిస్తం రారా అన్నరు. నేనే వద్దన్న. అన్న వస్తడు, ఎవ్వర్ని ముట్టనియ్యొద్దన్నడు అని చెప్పిన. ఒక పొద్దున లేస్తే నీల్లు చేన్లకు వచ్చినయి. మోకాల్ల దాంక. బండ కానొచ్చింది కొద్దిసేపు. నువ్వు చెప్పినవని ఎవ్వరి చెయ్యి వడనియ్యలేదన్నా."

నా పక్కన కూర్చున్న దర్జీ లేచి టేప్‌రికార్డర్ ఆపాడు. నేను ఏడ్చాను. నన్ను నమ్మినవాణ్ణి నేను అలా నీళ్ల ఒడ్డున కూర్చోబెట్టాను. ఆయన నాకు చేసింది ఒక ఎత్తు, నేను నా తమ్ముడికి చేసింది ఒక ఎత్తు.

ఆ గురువారం ఆయన ఉత్సాహంగా ఉన్నాడు. మా ఊరి ఉత్తరానికి పత్రికకు చాలా జవాబులొచ్చాయట. ఆ సమాధి ఏమైందని పాఠకులు అడుగుతున్నారట. పెన్సిల్ చేతికి తీసుకుని, "మీ తమ్ముడి దగ్గర్నుంచి ఏమైనా కబురు వచ్చిందా?" అని అడిగాడు.

"రాలేదు సర్" అన్నాను.

ఆయన కొంచెం నిరాశపడ్డాడు. పెన్సిల్ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, పౌను విలువ మీద మొదలుపెట్టాడు. నేను రాసుకున్నాను.