మలుపు దగ్గర ఉప్పు

ఘాట్ దిగి వచ్చిన లారీ ఒకటి టీకొట్టు ముందు ఆగింది. డ్రైవరు కిందికి దిగి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. అది చూడగానే నాకు సగం తెలిసిపోయింది.

"ఆ ఎర్ర బండి తాలూకు మనుషులెవరు బాబూ?" అని అడిగాడు.

మా అప్ప బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో పులిహోర డబ్బా. నేను చెయ్యెత్తాను. మా బావ పోయిన కబురు మాకు అలా అందింది.

అక్కని మావైపు అప్ప అంటాం. ఆమె భర్త మా బావ. ఆయన గురించి నాలుగు మాటలు రాసిమ్మని సాలూరు లారీవాళ్లు అడిగారు. నేను మాట్లాడే మనిషిని కాను, రాసే మనిషిని అసలే కాను. చదువు మా ఊరి బడితో సరి. అయినా ఆయన పక్క సీట్లో నా అంత కాలం కూర్చున్నవాడు ఇంకొకడు లేడు. అందుకని రాస్తున్నాను.

వయసులో ఉండగా నేను బావ లారీకి క్లీనరుని. సాలూరు నుంచి ఘాట్ ఎక్కి ఒడిశా వైపు వెళ్లేవాళ్లం. ఆయనకి ఒక అలవాటుండేది. బ్రేకు గాని, స్టీరింగు గాని, బరువు మోసే కమాన్ పట్టీలు గాని బాగుచేయించిన తరువాత ఘాట్ మొదట్లో టీకొట్టు దగ్గర లారీ ఆపి నన్ను దింపేసేవాడు. ఒక్కడే కొన్ని మలుపులు ఎక్కి, దిగి వచ్చి, అప్పుడు నన్ను ఎక్కించుకునేవాడు.

"నానూ వస్తాను బావా" అన్నాను మొదటిసారి.

"దిగరా. నాను పోతే మీ అప్ప నాలుగు రోజులు ఏడుస్తాది. నువ్వు పోతే నన్ను బతికినన్నాళ్లూ ఏడిపిస్తాది. దిగు, దిగు."

తిరిగి వస్తున్నప్పుడు ఆఖరి మలుపులో రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆ హారన్ వినబడే దాకా నా చేతిలో టీ అలాగే చల్లారిపోయేది. ఎన్నేళ్లు గడిచినా అంతే.

నేను మాట్లాడనని అందరూ ఎగతాళి చేసేవాళ్లు. బావ మాత్రం చేసేవాడు కాదు. "ఈడు ఊరికే నోరు తెరవడు. తెరిసినాడంటే ఆపి సూసుకోవాల" అనేవాడు. ఒకసారి చక్రం వాసన వస్తోందని అన్నాను. వెంటనే ఆపేశాడు. దిగి చూస్తే బ్రేకు పట్టేసి చక్రం కాలిపోతోంది. ఆ రోజు నాకు చేపల కూర తినిపించాడు.

ఆయనకి ఇష్టమైన లోడు నౌపడ ఉప్పు. కొండ మీది సంతలకి తోలేవాళ్లం. "ధాన్యం బస్తా జారతాది. బెల్లం కారతాది. ఉప్పు బస్తా పెట్టినకాడే కూకుంటాది, మా బామ్మర్ది లాగ" అని నవ్వేవాడు. ఖాళీ లారీ అంటే ఆయనకి పడేది కాదు. ఖాళీ లారీ మలుపులో తోక ఆడిస్తుంది, లోడున్న లారీ రోడ్డుని పట్టుకుంటుంది, ఇది ఆయన నమ్మకం. లారీ మీద బతికిన ఎవరినడిగినా ఇదే చెబుతారు.

అప్ప ఎప్పుడూ ఘాట్ ఎక్కలేదు. డ్రైవరు పెళ్లాం లారీ ఎక్కకూడదని అప్పట్లో ఒక పట్టింపు. బావ ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆమె అడిగే మాట ఒక్కటే.

"ఆ పైన ఏటుందయ్యా, నన్నొగ్గీసి అలగ పోతావు?"

"ఏటుంటాది? కొండ, మబ్బు, సలి."

"ఆ మబ్బే సూపించు ఒకపాలి."

బస్సులో వెళ్లొచ్చు కదా అని నేను ఒకసారి అన్నాను. అప్ప నన్ను కొరకొరా చూసింది. "బస్సోడితో ఎల్లడానికేట్రా ఇన్నాళ్లూ కాసుకున్నాను?" అంది. ఆ తరువాత నేనా మాట ఎత్తలేదు.

మోకాళ్లు అరిగిపోయి బావ లారీ మానేశాడు. ఆ రోజుల్లోనే ఎర్ర బండి వచ్చింది. లారీ షావుకారు కొడుకు సరదాపడి కొనుక్కున్న పరుగు కారు అది. ఇద్దరే పడతారు. నేలకి జానెడెత్తు. అది చాలదని ఇంకా కిందికి దించడానికి ఆ అబ్బాయి స్ప్రింగులు కోయించాడు. తరువాత ఘాట్ మలుపులో అది బొంగరంలా తిరిగిపోయింది. అందులోంచి దిగిన మనిషి మళ్లీ దాని తలుపు ముట్టుకోలేదు. చాలాకాలం షెడ్డులో పడి ఉంది. షావుకారు బావని పిలిచి, "దీని క్లచ్చి వెన్నపూస. నీ కాళ్లకి సరిపోతాది. బాగుసేసుకుంటే నీదే" అన్నాడు.

బావ దాన్ని ఊళ్లోకి తెచ్చిన రోజు జనం తిరనాళ్లలా వచ్చారు. "ముసలోడికి పెళ్లికొడుకు బండి" అని నవ్వారు. బావ కూడా నవ్వి, "పెళ్లికూతురు లోపల వంట సేస్తంది, బేగి రమ్మనండి" అన్నాడు. తలుపు సందు లోంచి అప్ప చూసింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను పెళ్లినాడు కూడా చూడలేదు.

అయినా ఆయన వెంటనే ఎక్కించలేదు. "ముందు దీని తోక అణగాల. ఆడమనిషిని కూకోబెట్టి ఆటలాడకూడదు" అన్నాడు.

అప్పటి నుంచి అదే పని. కోసిన స్ప్రింగులు తీసేసి సరైనవి వేయించాడు. షాకబ్జర్లు మార్చాడు. టైర్లు మార్చాడు. సాలూరులో ఎలైన్‌మెంటు చేయించాడు. అడుగు భాగానికి లారీలకి పూసినట్టే తారులాంటి నల్ల రంగు దట్టంగా పూయించాడు. ఏది మార్చినా ముందు ఒక్కడే వెళ్లొచ్చి, తరువాత నన్ను పక్కన కూర్చోబెట్టి ఘాట్ మొదటి మలుపులు తిప్పేవాడు. అద్దం కింద నున్నటి చోట ఒక నిమ్మకాయ పెట్టేవాడు.

"ఎటెల్లింది?"

"నా ఒళ్లోకి."

"ఇప్పుడో?"

"కాళ్లకాడికి."

వారం వారం నిమ్మకాయ పరుగు తగ్గుతూ వచ్చింది. గట్టి మలుపులో మాత్రం వెనక భాగం ఇంకా పక్కకి జారేది. ఆ జారుడు నా నడుముకి తెలిసేది. బావ పళ్లు బిగించేవాడు. ఒక రోజు ఇంటికొచ్చి చాలాసేపు బండి చుట్టూ తిరిగి, చివరికి అన్నాడు.

"మరేట్రా? ఇది ఖాళీ లారీ. అంతే."

మర్నాడు ఉప్పు తెచ్చాడు. చిన్న చిన్న బస్తాలు కట్టించి సీట్ల వెనక, డిక్కీలో, వెనక చక్రాల మీదికి వచ్చేలా పేర్చాడు. కింద లారీకి వేసినట్టే టార్పాలిన్ పరిచాడు. "ఎర్ర బండికి దిష్టెక్కువ. ఉప్పుంటే మంచిదే" అని అప్ప కూడా ఒప్పుకుంది.

ఆ రోజు మలుపులో నిమ్మకాయ కదల్లేదు.

"సూసినావట్రా!" అని బావ నా తొడ మీద చరిచాడు. నేను నవ్వాను. కాని నా కళ్లు నిమ్మకాయ మీదే ఉన్నాయి. మేకు కొట్టినట్టు కూర్చుంది. బండి అంత మెత్తగా, అంత చప్పుడు లేకుండా తిరుగుతుంటే నేను సీటు అంచు పట్టుకున్నాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ని.

వానలు ముగిసి, గాలిలో ఇంకా తడి ఉన్న రోజులవి. మూఢం పోయేదాకా ఆగమని బావ అప్పకి చెప్పాడు. పొద్దున్నే బండి కింద నేల చెమ్మగా ఉండేది. తలుపు కింద అంచు నుంచి ఇటుక రంగు నీళ్లు కారేవి. "ఎర్ర రంగు దిగతంది. మంచి రంగు కాదు" అన్నాడు బావ. మాకందరికీ అదే నిజం అనిపించింది.

పక్కింటి ఆవిడకి మేకలున్నాయి. అవి పొద్దున్నే కట్టు విప్పగానే మేతకి పోకుండా తిన్నగా బండి దగ్గరికి వచ్చేవి. మోకాళ్లు వంచి తడి నేల నాకేవి.

"ఓలమ్మా, మీ బండి పాలిస్తాదేటి? నా మేకలు దాన్నొగ్గి రావు" అని ఆవిడ ఎగతాళి చేసింది.

"పాలు పిండుకుంటే నీకూ ఒక గలాసు ఇస్తాంలే" అంది అప్ప.

కొన్ని నెలలకి వెనక నుంచి ఒక శబ్దం మొదలైంది. గుంట వచ్చినప్పుడల్లా కటుక్కుమనేది. బావ స్ప్రింగుల దగ్గరి రబ్బర్లు రెండు మార్పించాడు. శబ్దం పోలేదు. ఇంకోటి మారుద్దామని అనుకుంటుండగా దానంతట అదే ఆగిపోయింది. బావ సంతోషపడ్డాడు. పంచాంగం చూసి రోజు నిర్ణయించాడు. అప్ప పెట్టె లోంచి కొత్త చీర తీసింది. నాకు మాత్రం ఆ ఆగిపోయిన శబ్దమే చెవిలో వినబడుతూ ఉండేది.

అనుకున్న రోజు పొద్దున నేను కొబ్బరికాయ, నిమ్మకాయలు తీసుకురావడానికి బావ ఇంటికి వెళ్లాను. పెద్ద మేక ఒకటి ఆ రోజు నేలని నాకడం లేదు. మెడ చాచి, తల బండి కిందికి పెట్టి, బండినే నాకుతోంది. నేను అదిలిస్తే తల తీసింది. దాని మూతికి నల్ల రంగు పెచ్చు అంటుకుని ఉంది. లోపలి వైపు ఎర్రగా, తడిగా ఉంది ఆ పెచ్చు.

ఆటోలో ముందుగా ఘాట్ మొదటికి చేరాను. దారంతా ఆ పెచ్చే కళ్ల ముందు ఉంది. కాసేపటికి వాళ్లు వచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను. అప్ప కొత్త చీర కొంగు తలుపులో పడకుండా ఒడిలోకి లాక్కుని, దొరసానిలా కూర్చుంది. బావ నాకు చెయ్యి ఊపి గేరు వేయబోయాడు.

"బావా" అన్నాను.

"ఏట్రా?"

"మేకలు ఇప్పుడు నేలని నాకట్లేదు. బండిని నాకతన్నాయి."

అప్ప పకపకా నవ్వింది. "మంచి ముహూర్తంలో మాటాడినావురా నాయనా!"

బావ నవ్వలేదు. ఇంజను ఆపాడు. దిగి, మోకాళ్లు పట్టుకుంటూ వంగి కిందికి చూశాడు. నల్ల రంగే కనిపించింది. వీల్ స్పానరు తీసి అక్కడక్కడ తట్టాడు. ఇనుము మోగినట్టు మోగలేదు. చెక్క మీద తట్టినట్టు దబ్, దబ్ అంది. రంగు మందంగా ఉంది కదా, అందుకే అలా అంటోందని అనుకున్నాడేమో. స్పానరు లోపల పెట్టేశాడు. తరువాత అప్ప వైపు తలుపు తెరిచాడు.

"దిగవే."

"ఏటయ్యా, కూకున్నాక దిగమంటావు?"

"నాలుగు మలుపులు ఎల్లొచ్చీస్తాను. నీ తమ్ముడు నోరు తెరిసినాడు."

"నానూ వస్తాను బావా" అన్నాను.

"నువ్వెప్పుడొచ్చినావురా? టీ తాగు."

అవే ఆయన నాతో అన్న ఆఖరి మాటలు. బండి మొదటి మలుపు తిరిగింది. చెట్ల మధ్య ఎర్రగా ఒకసారి కనబడింది. ఇంజను చప్పుడు పైకి పోతూ పోతూ సన్నబడింది. మేము టీ చెప్పాం. అప్ప తాగింది. నాది చల్లారింది. హారన్ కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. ఒక హారన్ వినబడింది, కాని అది లారీది.

ఆ లారీ డ్రైవరే తరువాత చెప్పాడు. బావ కూడా కిందికే వస్తూ వెనక నుంచి తన లారీని దాటాడట. చెయ్యి పైకెత్తి నవ్వాడట. అంటే బండి బాగుందని తేల్చుకుని, అప్పని ఎక్కించుకోవడానికే దిగి వస్తున్నాడు. ఆ వెంటనే, లోపలి మలుపులో, వెనక స్ప్రింగు బండి అడుగు రేకుని చీల్చుకుని లోపలికి వచ్చేసింది. బండి రోడ్డు వదిలేసింది.

బండిని పైకి తీసినవాళ్లు రేకు ముక్క ఒకటి నాకు చూపించారు. నానిన అప్పడంలా ఉంది. రంగే ఉంది, ఇనుము లేదు. లారీ తొట్టి చెక్కది. ఉప్పు చెక్కని తినదు, రేకుని తింటుంది. అన్నేళ్లు ఉప్పు తోలిన మనిషికి, ఆయన పక్కన కూర్చున్న నాకు, బస్తాలు కట్టిచ్చినవాళ్లకి, ఎవరికీ రేకు సంగతి తోచలేదు. మేకలకి తెలిసింది.

ఈ లారీ రోడ్డు మీద ఆయన కన్నా వేగంగా తోలినవాళ్లు ఉన్నారు, పేరు పడినవాళ్లు ఉన్నారు. నాకు తెలిసింది మాత్రం ఒక్కటే. ఏ బండినైనా ముందు తన ప్రాణంతో చూసుకుని, తరువాతే పక్క సీటు తలుపు తెరిచేవాడు. అందుకే మా అప్ప ఇవాళ ఉంది. నేనూ ఉన్నాను.

కర్మలయ్యాక అప్ప ఆ చోటు చూస్తానంది. బస్సు మాట నేనెత్తలేదు. బావ తోలిన పాత లారీలోనే వెళ్లాం. దాన్నిప్పుడు బావ దగ్గర పని నేర్చినవాడు తోలుతున్నాడు. పట్టింపు సంగతి ఎవరూ అనలేదు. అప్ప పైట బిగించి క్యాబిన్‌లోకి ఎక్కింది.

మలుపు దూరం నుంచే తెలిసింది. అంచున రాళ్ల మధ్య తెల్లగా ఉంది. బస్తాలు పగిలి ఉప్పు చెల్లాచెదురైంది. వానలు పడేదాకా పోదు. కొండ మీది ఆవులు, దూడలు రోడ్డుకి అడ్డంగా నిలబడి తలలు వంచి నాకుతున్నాయి.

"ఇప్పుడీ మలుపులో ఎవుడూ పరిగెత్తడు అత్తా. ఈటి కోసం అందరూ ఆగాల్సిందే" అన్నాడు డ్రైవరు.

అప్ప దిగింది. పైన కొండ కొసలో మబ్బు ఉంది. దాని వైపు చూసింది.

"పైకి ఎల్దామా?" అని అడిగాడు డ్రైవరు.

"వొద్దు నాయనా. ఆయన దిగమన్నాడు కదా" అంది.

అప్పుడే పై నుంచి ఏదో లారీ వస్తోంది. పశువుల్ని చూసి నెమ్మదించి, మలుపు అవతల రెండుసార్లు హారన్ కొట్టింది. అప్ప గబుక్కున రెండడుగులు ముందుకు వేసి, కొంగు సర్దుకుని నిలబడింది. ఆవులు తల ఎత్తలేదు. నాకుతూనే ఉన్నాయి.