ఉప్పు తొట్టిలో సున్నం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో, చేపపిల్లల కంపెనీలో హేచరీ సూపర్‌వైజర్‌గా ఉన్న నన్ను ఓర్వకల్లు రోడ్డులో కంపెనీ కొత్తగా తెరిచిన అలంకార చేపల ప్రదర్శనశాలకు మార్చారు. హోదా అదే, జీతం అదే. ఈ బదిలీకి కారణం నా నోరే. టీ తాగేటప్పుడల్లా కాకినాడ సముద్రంలో ఏడాదిపాటు పనిచేశానని చెప్పుకునేవాణ్ణి. నిజానికి అది వారం రోజుల శిక్షణ. అందులో సగం పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకోవడంతోనే గడిచింది.

ప్రదర్శనశాలలో ఒక్కటి తప్ప అన్నీ మంచినీటి తొట్లే. ఆ ఒక్కదాన్ని ఉప్పు తొట్టి అనేవాళ్లం. సముద్రం తెలిసినవాణ్ణని నన్ను పంపింది దానికోసమే. దానికి నీళ్లు మేమే తయారుచేసుకోవాలి. ఫిల్టరు నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపి, రోజంతా మోటారుతో తిప్పితే గాని అవి పనికిరావు. ఈ పనికి ఈరన్నను పెట్టుకున్నారు. కోసిగి వాడు, నలభై దాటినవాడు. ఈ కొలువు దొరికాకే పెళ్లాంబిడ్డలతో ఏటా గుంటూరు మిరప చేలకు సుగ్గికని కూలి వలస పోవడం మానుకున్నాడు. తొట్టి ఉన్నంతవరకే ఆ కొలువు.

తొట్టిలో రాళ్లు, రాళ్ల మీద పగడాలు, రెండు నారింజరంగు చేపలు. రాళ్లతో పాటు ఒక కలుపు జీవి కూడా వచ్చి చేరింది. సీ అనిమోన్ జాతి. చూడ్డానికి గాజు చామంతిలా ఉంటుంది గాని జంతువే. దాని రేకులు తగిలితే పగడం కాలినట్టు ముడుచుకుపోతుంది. అరచేయంతవి వందలు ఉండేవని చాలామందికి చెప్పాను. గోరంతవి, పదో పదిహేనో ఉండేవి.

మొదట వాటిని చేలో గరిక తీసినట్టు బ్లేడుతో గీకి తీశాను. రాయికి అంటుకుని మిగిలిన ప్రతి తునకా మళ్లీ ఒక జీవి అయింది. కొన్నాళ్లకు రాయంతా అవే. పగడాలు తెల్లబడసాగాయి. మేనేజరు మేడం వచ్చి చూశారు. నెలాఖరుకు బాగుపడకపోతే ఉప్పు తొట్టి ఎత్తేసి గోల్డ్‌ఫిష్ పెడదామని, ఈరన్న పనికీ అంతటితో సెలవని చెప్పి వెళ్లారు. అతను పక్కనే నిలబడి విన్నాడు.

"సముద్రమంతా ఈదినోరు గదా సార్ మీరు. ఈటికి మందు తెలీదా?" అన్నాడు కాసేపటికి.

వెటకారమైతే బాగుండేది. అతను నమ్మే అడిగాడు.

నాకు తెలిసిన మందు ఒకటే, సున్నం. చేపపిల్లలను వదలబోయే ముందు చెరువులో సున్నం చల్లడం మా వృత్తిలో మొదటి పాఠం. సున్నపు ముద్ద నోట్లో పడితే ఈ కలుపు చస్తుందని కూడా ఎక్కడో చదివాను. ఈరన్న ఆకువక్క సంచిలోని డబ్బీ చాలక, కిళ్లీ కొట్టు నుంచి ఇంకొంత తెప్పించి, జారుగా కలిపి, సూది తీసిన సిరంజితో కనిపించిన ప్రతిదాని మీదా వదిలాను.

"శానా అయితాండాదేమో సార్."

"ఊరుకోప్పా, చెరువుకు బస్తాలు పోసిన చెయ్యి ఇది" అన్నాను.

నీటిని తిప్పే మోటారు ఆపడం కూడా మరిచాను. చూస్తుండగానే తొట్టి మజ్జిగలా తెల్లబడింది. పరీక్ష కాగితం ముంచితే క్షారం చూపే రంగు పట్టీలో చివరి గడి దాటింది. చేపలు రెండూ పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. పగడాలు పిడికిళ్లలా మూసుకున్నాయి. నీళ్లు మార్చడం తప్ప దారి లేదు. ఇప్పుడు కలిపితే రేపటికి గాని పనికిరావు.

ఈరన్న నావైపు చూడలేదు. స్టోరు గదిలోకి పోయి, గుడ్డ కప్పిన డ్రమ్మొకటి ఈడ్చుకొచ్చాడు. మళ్లీ పోయి ఇంకొకటి తెచ్చాడు.

"ఇవి యాడివప్పా?"

"కలిపి పెట్టినవే సార్. మా ఊర్లో కొళాయి ఎప్పుడొస్తాదో ఎవురికీ తెలీదు. డ్రమ్ములు నిండుగా లేకుంటే నాకు కూడు పోదు. ఉప్పు బస్తాలు యాడికి పోతాండాయని తిడితిరి గదా, ఈడికే."

చెంబుతో తోడి పారబోస్తూ, అంతే కొత్త నీళ్లు పోస్తూ వచ్చాం. ఒక్కసారిగా మారిస్తే అదీ ప్రమాదమే. రెండో డ్రమ్ము అడుగంటే వేళకు చేపలు కిందికి దిగాయి. ఒక పగడం మాత్రం మళ్లీ తెరుచుకోలేదు.

ఆ తర్వాత పద్ధతిగా చేశాం. మోటారు ఆపి, పూటకు రెండు మూడింటికే, బియ్యపు గింజంత ముద్ద, జీవి విచ్చుకుని ఉన్నప్పుడు నెమ్మదిగా దాని నోటిమీద. తర్వాత గట్టిపడిన సున్నపు పెచ్చును గొట్టంతో పీల్చేయడం. నెలాఖరుకు పగడాలు రంగు పట్టాయి. కలుపు ఒక్కటి కూడా లేకుండా తీసేశామని మేడంకు చెప్పాను.

"రాయెనక రెండుండాయి సార్" అన్నాడు ఈరన్న ఆమె వెళ్లాక.

"మేడంకు చెప్పొద్దు."

"నేనేల చెప్తా సార్? అవి ఉండాయంటేనే నీళ్లు మార్చే పని, ఆ పనుంటేనే గదా నేనుండేది."

మందు ఎంత వేయాలో నీళ్లను చూసి తేల్చుకోవాలి, చెయ్యి అలవాటును నమ్మకూడదు. మార్చే నీళ్లు సిద్ధంగా ఉన్నాకే మందు ముట్టుకోవాలి. ఈ ఉదంతం నేర్పినవి ఈ రెండే. నేను రిటైరైన రోజు స్టోరు గదిలో నాలుగు డ్రమ్ములు నిండుగా ఉన్నాయని చెబుతుంటాను. రెండే. కాని నిండుగా ఉన్నాయి.