ప్రొవి పట్టి చూసిన కాలు

ప్యూర్టో రికో దీవిలోని అన్యాస్కో ఊళ్లో ఎవరి కాలు బెణికినా, అందరూ ప్రొవి అని పిలిచే ప్రొవిదేన్సియా ఇంటి తలుపే తట్టేవారు. మలగెట అనే మందాకులు ఊరబెట్టిన స్పిరిట్ అరచేతిలో పోసుకుని కండరం మీద బొటనవేలు ఆనించిందంటే, నొప్పి ఎక్కడ దాక్కుందో ఇట్టే దొరికిపోయేది. తల్లి నేర్పిన విద్య అది. ఇరవై ఆరేళ్లుగా ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకీ ఆమే మర్దన చేస్తోంది. ఆరున్నర అడుగుల మనుషులు ఆమె చేతికింద పసిపిల్లల్లా కేకలు పెట్టేవారు.

"అరవకురా, పక్కింటి కోళ్లు గుడ్లు పెట్టడం మానేస్తాయి!" అని కసిరేది.

ఆ ఏడాది జట్టు మేనేజర్ ఎరిబెర్తో పెద్ద మార్పిడికి సిద్ధపడ్డాడు. ప్యూర్టో రికో అంతటా పేరుమోసిన అన్సెల్మోని తూర్పు తీరం జట్టు వదులుకుంటానంది. బదులుగా ఇద్దరు కుర్ర ఆటగాళ్లని అడిగింది. వాళ్లలో ఒకడు యాదియెల్. బాప్తిస్మం రోజున ప్రొవి చేతుల్లో ఉన్న బిడ్డ. ఆమె వాడి జ్ఞానతల్లి.

ఊళ్లో రొట్టెల కొట్టు దగ్గర రోజూ గొడవే.

"అన్సెల్మో వస్తే కప్పు మనదే!"

"ముప్పై రెండేళ్లవాడు, మోకాలు పోయిందట. కుంటి గుర్రాన్ని తెచ్చుకుని ఉరికే గుర్రప్పిల్లల్ని ఇచ్చేస్తామా?"

ఎరిబెర్తో ప్రొవి దగ్గరికొచ్చాడు. పెద్దామె కాబట్టి మర్యాదగా 'దోన్యా' అనే పిలుస్తాడు. "స్కానింగ్‌లో మోకాలు శుభ్రంగా ఉంది, దోన్యా ప్రొవి. మరి మనిషెందుకు కుంటుతున్నాడు? వాళ్లెందుకు ఇంత తొందరపడుతున్నారు? అతన్ని పరీక్షకి పంపిస్తామన్నారు. మీరోసారి పట్టి చూడండి."

"నన్నడుగుతావేంట్రా? ఇచ్చేవాళ్లలో నా బిడ్డ ఉన్నాడుగా."

"అందుకే అడుగుతున్నా. మీరు సరేనంటే నాకింక అనుమానం ఉండదు."

అన్సెల్మో వచ్చి స్టేడియంలో మర్దన బల్లమీద పడుకున్నాడు. పాదాలు బల్ల దాటి మూరెడు బయటికొచ్చాయి. ప్రొవి మోకాలిని కాసేపు తడిమి వదిలేసి చీలమండ దగ్గరికెళ్లింది. అక్కడ నొక్కగానే ఆ కొండలాంటి మనిషి "అమ్మో!" అని లేచి కూర్చున్నాడు.

"ఎప్పుడో బెణికింది కదూ? సరిగా మానకుండానే ఆడావు. బరువంతా మోకాలు మోస్తోంది. ఆరు వారాలు నా చేతికిస్తే పరుగెడతావు."

బయట ఎరిబెర్తో గొంతు తగ్గించాడు. "పరుగెత్తకపోతే?"

"ఊరు మనిద్దరి ఇళ్లమీదా రాళ్లేస్తుంది."

ఆ మాట తేలిగ్గానే అంది. ఇంటికెళ్లాక మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా కూర్చుండిపోయింది. వద్దంటే యాదియెల్ కళ్లముందే ఉంటాడు, ఆదివారం భోజనానికొస్తాడు. కానీ ఇక్కడ వాడికంటే ముందు ఇద్దరు సీనియర్లున్నారు. రెండేళ్లుగా బెంచీ మీదే. అక్కడైతే ఆట మొదలుపెట్టే అయిదుగురిలో వాడొకడు. ఫోన్ తీసి ఎరిబెర్తోకి చెప్పింది: "కానివ్వు."

మర్నాడు యాదియెల్ విసురుగా వచ్చాడు. "నన్ను పంపించేయమన్నావటగా!"

"అన్నాను. ఇంకా కూర్చుంటే బెంచీలోకి నీకు వేళ్లు దిగుతాయి. పోయి ఆడరా!"

వాడికి కోపంలోనే నవ్వొచ్చింది. ఆమెని వాటేసుకుని ఏడ్చాడు కూడా.

ఆరు వారాలు చాల్లేదు. జట్టు వరసగా అయిదు ఆటలు ఓడింది. చేపల దుకాణంలో ఒకాయన మొహంమీదే అడిగాడు, "ఇంకా పిసుకుతూనే ఉన్నావా ప్రొవీ? పిండైతే ఈపాటికి రొట్టె అయ్యేది!" ఆమె చేపలు తీసుకుని వచ్చి, ఆ సాయంత్రం అన్సెల్మో కాలిని ఇంకో అరగంట ఎక్కువ పిసికింది.

తొమ్మిదో వారం అన్సెల్మో గాల్లోకి లేచి బంతిని బుట్టలో కుక్కాడు. దిగి, రెండు కాళ్లమీదా సమంగా నిలబడ్డాడు. స్టేడియం హోరెత్తింది. అక్కణ్ణుంచి జట్టుకి గెలుపులే.

జూన్‌లో తూర్పు తీరం జట్టు అన్యాస్కో వచ్చింది. యాదియెల్ ముప్పై ఒక్క పాయింట్లు కొట్టాడు. దూరాన్నుంచి వేసిన ప్రతి బంతికీ ఊరంతా తిట్టిపోస్తుంటే ప్రొవి ఒక్కతే లేచి గంతులేసింది.

"నువ్వు మా మనిషివా, వాళ్ల మనిషివా?" అంది పక్కసీటు కార్మిన్.

"ఇవాళ ఎవరు కొట్టినా నాదేనే!"

చివరికి అన్సెల్మో వేసిన బంతితో అన్యాస్కో రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. బయట డప్పులు మొదలయ్యాయి. ఓడిన యాదియెల్ చెమటతోనే వచ్చి ప్రొవి పక్కన కూర్చుని, ఆమె తెచ్చిన చేపల అట్లు నాలుగు తినేశాడు. వాడి జట్టు బస్సు హారన్ కొడుతూనే ఉంది.

"కొట్టనీ," అంటూ ప్రొవి అయిదోది వాడి చేతిలో పెట్టింది.