అక్క పాట మీద పడిన రెండు స్టేషన్లు

నా చిన్నప్పుడు నిజామాబాదు కంఠేశ్వర్‌లో, మధ్యాహ్నమైతే గల్లీలోని ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరి బీడీలు చుట్టేవారు. మా అవ్వ మధ్యలో రేడియో పెట్టేది. చేతులు తంబాకు నింపుతుంటే, చెవులు హైదరాబాదు నుంచి వచ్చే స్త్రీల కార్యక్రమం మీద ఉండేవి.

ఒక ఏడాది బజారులో ఇద్దరు దుకాణందార్లకు సొంత రేడియో స్టేషన్ పెట్టాలన్న పిచ్చి పట్టింది. ఒకాయన రేడియోలు బాగుచేసేవాడు, రెండో ఆయన బట్టల సేటు. మిద్దెల మీద తీగలు కట్టి, లైసెన్సు లేకుండానే సినిమా పాటలూ, తమ దుకాణాల గొప్పలూ వదలడం మొదలుపెట్టారు. ఊళ్లో అందరి రేడియో ముల్లూ హైదరాబాదు దగ్గరే ఉంటుంది గనుక, ఇద్దరూ సరిగ్గా దాని పక్కనే దూరారు. మూడు గొంతులూ కలిసిపోయి, మధ్యలో చెవులు చిల్లులు పడే కూత. ఆ తర్వాత లైసెన్సు కోసం అర్జీలు పెట్టుకున్నారు. నా స్టేషన్‌కు వాడు అడ్డం పడుతున్నాడని పైవాళ్లకు ఒకరి మీద ఒకరు ఫిర్యాదులూ చేసుకున్నారు. వినేవాళ్ల గురించి మాత్రం ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

మా పక్కింటి అక్కది బోధన్ దగ్గర ఎడపల్లి. చెరుకు కొట్టేటప్పుడు వాళ్లమ్మ పాడే పాటలన్నీ ఆమెకు వచ్చు. హైదరాబాదు రేడియోవాళ్లు ఆమెను పిలిపించి ఒక పాట పాడించి రికార్డు చేసుకున్నారు. అది వచ్చే రోజు తెలిసి, గల్లీ అంతా మా ఇంట్లో పెళ్లి ఉన్నట్టు సంబరపడ్డాం. వినడానికి వాళ్లమ్మను బస్సులో తీసుకొచ్చారు.

ముందురోజు అక్క నన్ను వెంటబెట్టుకుని రెండు దుకాణాలకూ వెళ్లి, ఆ కాసేపు ఆపమని బతిమాలింది. రేడియోల ఆయన తలెత్తి చూడకుండానే, "వాడు బందు పెడితే నేను పెడ్త," అన్నాడు. బట్టల సేటు చాయ్ తెప్పించి, ఎంతో మర్యాదగా, అదే మాట అన్నాడు.

మర్నాడు ఎవరూ ఆపలేదు. అక్క పేరు సగం వినిపించింది. అంతే, ఆ పైన చీరల ప్రకటన, దాని మీద సినిమా పాట, రెంటినీ మింగేసే కూత. వాళ్లమ్మ రేడియోకు చెవి ఆనించి, "గిది నీ గొంతేనా బిడ్డా?" అని అడిగింది. పాట అయిపోయాక అనౌన్సరు ధన్యవాదాలు చెప్పిన మాట మాత్రం శుభ్రంగా వినిపించింది. ఆ పాట మళ్లీ ఎప్పుడూ రాలేదు. ముసలామె సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

అసలు రోత పుట్టించింది ఆ తర్వాత జరిగింది. ఆమెను బస్సెక్కించి మేం వచ్చేసరికి రేడియోల ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ సేటు నీ పాటను ఎట్ల పాడు చేశాడో చూశావా, ఈ ఫిర్యాదు కాగితం మీద సాక్షిగా వేలిముద్ర వెయ్యి, వాడికి లైసెన్సు రాకుండా చేస్తానన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. ఆయన ఇంకా ఉండగానే సేటు కూడా వచ్చాడు, అదే పని మీద. ముందురోజు ఆమె మొర వినని ఇద్దరూ ఇప్పుడు ఆమె దుఃఖం నాదంటే నాదని కొట్లాడుకున్నారు.

అక్క అరవలేదు. "మీ ఇద్దరి మీదా రాసుకొని రాండ్రన్నా, గప్పుడు ఏస్త," అంది. ఇద్దరూ ఒక్కసారిగా లేచి చెప్పులు వేసుకున్నారు. వాళ్లిద్దరూ కలిసి ఒక్క పని చేయడం నేను చూసింది అదే మొదటిసారి. వాళ్లు పోయాక అక్క వాళ్లు కూర్చున్నచోట నీళ్లు పోసి కడిగింది.

"నా ఏడ్పు గూడ వీళ్లకు సరుకే," అంది నాతో.

కొన్నాళ్లకు అధికారులు వచ్చి రెండు మిషన్లూ పట్టుకుపోయారు. అప్పుడు కూడా బజారులో నిలబడి, ముందు వాడి మీద కేసు పెట్టండని ఇద్దరూ అరుస్తూనే ఉన్నారు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎవరికో జరిగిన అన్యాయం గురించి, పడినవాళ్లకంటే గట్టిగా గొంతు చించుకునేవాళ్లు టీవీలో రోజూ కనబడతారు. నా కష్టానికి మద్దతంటూ ఎవరొచ్చినా, అంతకుముందు నేను అడిగినప్పుడు వీళ్లేం చేశారని ఒక్క క్షణం ఆగి ఆలోచించుకుంటాను. ఆ తర్వాతే గుమ్మంలోకి రానిస్తాను.