కుడి నుంచి తెరిచే ఫైలు

నా నోటికి ఒమాన్‌లోని ఘాలాలో పేరుంది. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరును, పప్పులో ఉప్పు తక్కువైతే మెస్సు వంటవాణ్ణి, సైటు నుంచి హాజరు కాగితాలు రాకపోతే ఫోర్‌మన్‌ను, ఎవరినైనా సరే కడిగి పారేస్తాను. "ఓంకార్‌తోని పెట్టుకోకుండ్రి" అని మా జగిత్యాల వాళ్లే కొత్తవాళ్లకు చెప్పేవారు. అంతటి నోరు ఒక్కరోజు పడిపోయింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు రియాజ్ గురించి చెప్పాలి.

రియాజ్‌ది కడప దగ్గర పల్లె. మా కంపెనీ ఆఫీసులో వీసా కాగితాలు టైపు చేసేవాడు. నేను టైమ్‌కీపర్‌ని. మా బల్లలు ఎదురెదురు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, మాట బహు తక్కువ. నేను పది మాటలంటే ఒక నవ్వు నవ్వేవాడు, అంతే. పొద్దున బస్సు దిగగానే గుడ్డు పెట్టి చుట్టిన ఖుబ్బూస్ రొట్టె సగం తుంచి నా కీబోర్డు పక్కన ఉంచేవాడు. ఆ సగం కోసమే నేను మెస్సులో టిఫిను మానేశాను. అతనంటే నాకు ప్రేమ. అతనికీ నేనంటే ప్రేమేనని, బస్సులో హెల్మెట్ చాటున నా చెయ్యి పట్టుకున్నప్పుడు తెలిసేది. నోటితో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. అక్కడ అలాంటిది బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, జైలు కూడా.

గోను తుఫాను వచ్చి పోయిన మరుసటి ఏడు, రిసెప్షన్‌లోని ఫిలిప్పీనో ఆవిడ మమ్మల్ని చూసి ఏమనుకుందో ఏమో, నవ్వుతూ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చింది. అందులో ఇంగ్లీషు మాటలతో జపాను బొమ్మల కథ ఉంది. ఒక ఆఫీసు, కళ్లద్దాల సెక్షన్ హెడ్డు, అతని కింద కొత్తగా చేరిన యువకుడు. ఇద్దరూ మగవాళ్లే, ఒకరంటే ఒకరికి ప్రాణం. రియాజ్ దాన్ని నా పాత హాజరు కాగితాల వెనకవైపు ప్రింటు తీసి, కుడి పక్క ట్యాగ్ కట్టి నాకిచ్చాడు. నేను అలవాటుకొద్దీ ఎడమ నుంచి చదివాను.

"ఇదేం కథ భాయ్! ముందుగాల ఏడుస్తడు, ఎన్క తిడ్తడు!"

రియాజ్ పడీపడీ నవ్వాడు. "ఉర్దూ మాదిరి కుడి నుంచి సదవప్పా."

సరిగ్గా చదివితే ఇంకా ఒళ్లు మండింది. ఆరు భాగాలు గడిచినా ఆ కళ్లద్దాలాయన నోరు విప్పడు.

"ఏం రోగం గీయనకు? చెప్పరాదు?"

"ఆఫీసులో పదిమంది ముందర ఎట్ల సెప్తాడప్పా?"

"నేనైతే పదిమంది ముందట్నే చెప్త."

రియాజ్ నా వైపు చూశాడు. "సూద్దాంలే" అన్నాడు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఇంగ్లీషు ఫైళ్లకు ఎడమ పక్క ట్యాగ్, అరబ్బీ ఫైళ్లకు కుడి పక్క. కుడి పక్కవన్నీ మందూబ్ ట్రేలోకి పోవాలి. మందూబ్ అంటే కంపెనీ కాగితాలు సర్కారు ఆఫీసుల్లో ఇచ్చి వచ్చే మనిషి. మా మందూబ్ అబ్దుల్ వహాబ్, ఒమానీ పెద్దాయన. బల్లలు తుడిచే భూమయ్యకు ఏ భాషా చదవ రాదు, ట్యాగ్ ఎటుందో చూసి సర్దేవాడు. ఏడేళ్లలో ఒక్క ఫైలూ తప్పు ట్రేలో పెట్టలేదు.

ఆగస్టులో ఒకరోజు డ్యూటీ మొదలుకాకముందే నేను ఆ కథ సొరుగులోంచి తీసి బల్లమీద పెట్టుకున్నాను. ఇంతలో ఇబ్రా సైటు నుంచి ఫోను. మేస్త్రీల హాజరు తప్పుల తడకగా పంపారని లోపలి గదిలోకి వెళ్లి పావుగంట అరిచాను. తిరిగొచ్చేసరికి నా బల్ల తళతళలాడుతోంది. ఫైలు లేదు.

"కాకా, ఈడ ఫైలేది?"

"అరబ్బీదా బిడ్డా? వహాబ్ సాబ్ ఇప్పుడే కొంటవొయిండు."

రియాజ్‌కు చెప్పాను. వహాబ్ పట్టుకుపోయిన కట్టలోనే అతని వీసా రెన్యూవల్ కాగితాలు కూడా ఉన్నాయి. వహాబ్‌కు ఏడుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. చివరికి కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాడు. నేను లేచి చూస్తే ఎవరిదో వీసా ఫారంలో ఒకే పేరు మళ్లీ మళ్లీ కొడుతున్నాడు.

"బయటికి పోదాం భాయ్, ఎక్కడికన్న" అన్నాను మెల్లగా.

"యాడికి పోతాం? పాస్‌పోర్టులు కంపెనీ కాడే ఉండాయి. కూచో."

ఒంటిగంటకు వహాబ్ వచ్చాడు. ఎవరికీ సలాం చెప్పలేదు. నేరుగా మేనేజర్ ముర్తుజా సార్ గదిలోకి వెళ్లాడు. అయిదు నిమిషాలకు సార్ ఆ ఫైలు పట్టుకుని హాల్లోకి వచ్చాడు. సర్కారు ఆఫీసు కౌంటర్లో ఆఫీసరు కట్ట విప్పగానే అదే పైన ఉందట. ఎవరో చెత్త కలిపారని చెప్పి వహాబ్ ఎలాగో బయటపడ్డాడట.

"కిస్‌కా హై యే?" ఎవరిదిదని అడిగాడు.

పద్నాలుగు మందిమి తలలు దించుకున్నాం.

"భూమయ్యా! ట్రేలో పెట్టింది నువ్వేగా? ఏ టేబుల్ మీదినుంచి తీశావ్?" హిందీలో గద్దించాడు.

భూమయ్య కళ్లు నెమ్మదిగా నా బల్ల వైపు తిరిగాయి. ఓరి దేవుడా! లేవాలి, నాదని చెప్పాలి. తెలుసు నాకు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. భూమయ్య నోరు తెరవబోయాడు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. "నాది సార్" అన్నాడు రియాజ్.

ముర్తుజా సార్ కాగితం తిప్పి చూశాడు. "వెనక ఓంకార్ సంతకాలున్నాయే?"

"చెత్తబుట్టలోవి తీసుకున్నా సార్. ఆయనకేం తెలీదు."

"ఓంకార్! తుమ్‌కో మాలూమ్ థా?" నాకు ముందే తెలుసా అని అడిగాడు.

ఈసారి నా నోరు తెరుచుకుంది. "నహీ సార్" అన్నాను.

కంపెనీ పరువు పోతుందని పోలీసు దాకా పోలేదు. రియాజ్ వీసా క్యాన్సిల్, నాలుగు రోజుల్లో ఇంటికి టికెట్. ఆ నాలుగు రోజులూ రియాజ్ పక్కన నేను బస్సులో కూర్చోలేదు. కూర్చుంటే అనుమానపడతారని నాకు నేనే చెప్పుకున్నాను. భయం, ఒట్టి భయం, ఇంకేం కాదు. భూమయ్య మాత్రం నా బల్ల ముట్టడం మానేశాడు. "నీ కాయితాలు నువ్వే సదురుకో" అన్నాడు. బిడ్డా అనలేదు.

వెళ్లేరోజు పొద్దున రియాజ్ బాకీలేం లేవని అందరి సంతకాలూ తీసుకునే క్లియరెన్సు ఫారం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగాడు. స్టోరు వాళ్లు హెల్మెట్ తీసుకుని సంతకం పెట్టారు. క్యాంపు వాళ్లు మంచం, తాళంచెవి చూసుకుని పెట్టారు. చివరికి టైమ్‌కీపర్. హాలంతా మమ్మల్నే చూస్తోంది. ముర్తుజా సార్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఫారం మీద నా పేరు పక్కన అచ్చులో ఒక వాక్యం ఉంది: ఈ ఉద్యోగితో మా సెక్షన్‌కు ఇక ఏ సంబంధమూ మిగిలి లేదు.

నా కీబోర్డు పక్కన అప్పటికే, ఎప్పుడు పెట్టాడో ఏమో, కాగితంలో చుట్టిన సగం రొట్టె ఉంది.

నేను సంతకం పెట్టాను.

రియాజ్ ఫారం తీసుకుని సంతకం సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాడు. "థ్యాంక్స్ ఓంకార్ సార్" అన్నాడు, అందరికీ వినబడేలా. అంతకుముందు నన్నెప్పుడూ సార్ అనలేదు.