మూలనున్న మేనత్త మొహం

మా మేనత్తది పామర్రు. మావయ్య పోయిన దగ్గర్నుంచి పెళ్లిలో గ్రూప్ ఫోటో అంటే చాలు, ఎవరూ చెప్పకుండానే వెళ్లి చివర నిలబడుతుంది. మా ఇంటి పెళ్లిళ్లకి ఫోటోలు తీసేది నేనే. నా పాత వైడ్ లెన్స్‌కి మూలలు నల్లబడే జబ్బుంది. మధ్యలో పెళ్లికూతురు వెలిగిపోతుంటే, మూలనున్న అత్త మొహం మసకేసేది. ఇన్నేళ్లూ నేనది పట్టించుకోలేదు. సిగ్గుపడాల్సిన మాటే.

మొన్న అక్క కూతురి పెళ్లిలో అత్త నా చెయ్యి పట్టుకుని, “ఈసారన్నా నా మొహం కాస్త కనపడేట్టు తియ్యరా,” అంది. మధ్యకి రమ్మంటే మాత్రం రాలేదు.

విజయవాడ వచ్చి కెమెరాలోని ముడి ఫోటోలు, అంటే రా ఫైళ్లు, తెరిస్తే షరా మామూలే, మూలన చీకటి. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో అంత పాత లెన్స్ వివరాలు లేవు. మనమే ఇవ్వాలి. అంతటా ఒకే తెలుపున్న దాన్ని అదే అపర్చర్‌లో, అంటే లెన్స్ కన్ను అంతే తెరిచి, తీసి చూపిస్తే, మూలల్లో ఎంత వెలుతురు తగ్గిందో చూసుకుని, పెళ్లి ఫోటోలో అంత వెలుతురూ అదే తిరిగి కలుపుతుంది. మబ్బు పట్టిన పొద్దున డాబా మీద దండేనికి నాన్న తెల్లపంచె ఆరేసి, ఫ్రేము నిండా తీశాను.

“దానికి నీలిమందు పెట్టానండీ, సరిగ్గా కలవక మచ్చలు పట్టింది,” అని మా ఆవిడ చెబుతూనే ఉంది. నా కంటికి ఆనని మచ్చ కెమెరాకేం ఆనుతుందన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఆనింది. మూలనున్న నీలమంతా లెన్స్ తప్పేననుకుని సాఫ్ట్‌వేర్ అక్కడ నీలం తగ్గించేసింది. అత్త మొహం వెలుగులోకొచ్చింది గానీ, పసుపు పూసినట్టు వచ్చింది. బోర్డులు చేసే షాపులో పాలతెలుపు ప్లాస్టిక్ ముక్క కొనుక్కొచ్చి, లెన్స్‌కి ఆనించి మళ్లీ తీశాను. ఈసారి ముడతలతో, నవ్వుతో, అచ్చం మా అత్తే వచ్చింది.

పామర్రు వెళ్లి ల్యాప్‌టాప్ తెరిస్తే, ఖర్మ, ముందు పసుపుదే వచ్చింది. మూసేయబోతే అత్త ఆపింది. తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. మావయ్య పోయాక ఆవిడ మొహానికి పసుపు రాసుకోవడం నేనెరగను.

“అది పాడైందత్తా. ఇదుగో, బాగు చేశాను,” అని రెండోది చూపించాను.

“బావుందిరా. అందరికీ ఇదే ఇయ్యి,” అంది. మళ్లీ గొంతు తగ్గించి, “ముందుది మాత్రం నాకియ్యి. ఎవరికీ చూపించనులే.”